కరువు సీమలో కండెన్సర్లు

కోస్తాలో వాల్వు రేడియోలు చెమ్మకు పాడవుతాయి. బందరు నుంచో కాకినాడ నుంచో వచ్చిన సెట్టు వెనక అట్ట విప్పితే కాయిళ్ల మీద పచ్చటి చిలుము, ట్రాన్స్‌ఫార్మరు పట్టీల మీద తుప్పు, కాగితం కండెన్సర్ల చివర్లలో ఉబ్బు కనిపిస్తాయి. ఉప్పుగాలికి ఏది ముందు లొంగుతుందో, ఏది తరవాత లొంగుతుందో చూసి చూసి నాకు అలవాటైంది. ఎండిపోయే చోట ఈ సెట్లు ఎలా పోతాయన్నది మాత్రం కళ్లారా చూడలేదు. సాలుకు 550 మిల్లీమీటర్ల చుట్టూ కురిసే వానతో సరిపెట్టుకునే అనంతపురం సీమలో, నైరుతి మబ్బు పడమటి కనుమల దగ్గరే ఖాళీ అయిపోయి, ఈశాన్యపు మబ్బు ఇంతదూరం వచ్చేలోగా పలచబడిపోయే పీఠభూమి మీద, అరవై ఏళ్ల కిందటి రేడియో లోపల ఏముంటుంది? బొమ్మనహాళ్ దగ్గరి ఊరి మిత్రుడు, తన జేజినాయన సెట్టు ఇంకా ఇంట్లోనే ఉందని చెప్పగానే బయల్దేరాను.

అమరావతి ఎక్స్‌ప్రెస్ నల్లమలను చీకట్లోనే దాటించేసింది. గుంతకల్లులో దిగేసరికి తెల్లవారుతోంది. స్టేషను బయట ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని ఉరవకొండ బస్సెక్కాను. విడపనకల్లు చుట్టుపక్కల నేల ఇంకా నల్లరేగడే. తొలకరి పడగానే జనం వజ్రాలు వెతుక్కునే వజ్రకరూరు ఈ తట్టునే ఉంది. ఉరవకొండ చేరేలోపే గాలిమరలు మొదలయ్యాయి. గుట్టల మీద, చేల నడుమ, కంటికి ఆనినంత దూరం. ఈ గాలి ఎప్పుడూ ఉన్నదే, దాన్ని కరెంటుగా మార్చుకోవడం మాత్రం ఈ తరంలో వచ్చింది. కణేకల్లు దగ్గర తుంగభద్ర ఎగువ కాలువ నీళ్లు పారే వరిమళ్లు కాసేపు కనిపించి, కరువు సంగతి మరిపించాయి. ఆ పచ్చదనం దాటి వేదవతి వైపు మళ్లితే మళ్లీ వేరే లోకం. హగరి అని జనం పిలిచే ఆ ఏటి ఒడ్డున ఇసుక మేటలు వేసి, పొలాల మీదికి పాకుతూ ఉంటుంది. గాలి లేచిన నెలల్లో అది ఇళ్లలోకీ వస్తుంది.

రేడియోలోకీ వచ్చింది. మిత్రుడి ఇంట్లో నడిమింటి గోడగూటిలో తెల్లటి గుడ్డ కప్పి ఉంచిన ఫిలిప్స్ సెట్టును కిందికి దించి, వెనక అట్ట మరలు విప్పగానే మొదట రాలింది సన్నటి ఇసుకే. ఛాసిస్ మీద పలచగా పరచుకుని ఉంది. గ్యాంగు కండెన్సరు రేకుల మధ్యన కూడా ఉంది. స్టేషను తిప్పేటప్పుడు గరగరమని వచ్చే చప్పుడుకు ఈ ఇసుక రవ్వ ఒక్కటి చాలు. కోస్తా సెట్లలో నేనెరిగిన పచ్చ చిలుము ఒక్క చోట కూడా లేదు. కాయిళ్లు నిన్న చుట్టినంత శుభ్రంగా ఉన్నాయి. మైనం పూత వేసిన కాగితం కండెన్సర్లు ఉబ్బలేదు గాని, మైనమే వేడికి కరిగి జారి, ఛాసిస్ అంచున చుక్కలుగా గడ్డకట్టి ఉంది. అల్యూమినియం డబ్బాలో ఉండే ఫిల్టరు కండెన్సరు అడుగున రబ్బరు మూత ఎండి బీటలువారింది. ఇదీ నేను చూడాలని వచ్చింది.

సెట్టుతో పాటు ఒక చిన్న పుస్తకం కూడా దాచారు. రేడియో లైసెన్సు పుస్తకం. రేడియో ఇంట్లో ఉన్నందుకు ఏటా పోస్టాఫీసుకు వెళ్లి రుసుము కట్టి ముద్ర వేయించుకోవలసిన కాలం ఒకటుండేది, 1980ల నడిమిదాకా అది సాగింది. ఈ పుస్తకంలో మొదటి ముద్ర 1964ది, చివరిది 1979ది. అంటే ఆ సెట్టు కనీసం పదిహేనేళ్లు ఈ ఇంటిని పలకరించింది, తరవాత నలభై ఏళ్లకు పైగా గూటిలో ఊరికే కూర్చుంది. రేడియో బాగుచేసేవాడికి ఇంతకన్నా విలువైన సమాచారం ఇంకోటి ఉండదు. ఫిల్టరు కండెన్సరును వాడకం కన్నా వాడకపోవడమే ఎక్కువగా చంపుతుంది.

అదెలాగో చెప్పాలి. ఫిల్టరు కండెన్సరులో రెండు అల్యూమినియం రేకులు, వాటి మధ్య ద్రావకంలో నానబెట్టిన కాగితం చుట్టగా చుట్టి ఉంటాయి. కరెంటును అడ్డుకునేది ఆ కాగితం కాదు, ఒక రేకు మీద ఏర్పడిన ఆక్సైడు పొర. కంటికి ఆనని ఆ పొరే మూడు వందల వోల్టులను ఆపుతుంది. రోజూ సెట్టు పెడుతూ ఉంటే ఆ వోల్టేజీ వల్లనే పొర తనను తాను సరిచేసుకుంటూ ఉంటుంది. ఏళ్ల తరబడి ఊరికే ఉంచితే కొద్దికొద్దిగా కరిగిపోతుంది. మరోవైపు రబ్బరు మూతలోంచి ద్రావకంలోని తడి ఆవిరైపోతుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే ఈ కండెన్సరు ఆయుష్షు సగానికి తగ్గుతుందని పనివాళ్ల లెక్క. వేసవిలో నలభై డిగ్రీలు దాటే చోట ఆ లెక్క ఎటు పోతుందో వేరే చెప్పనక్కరలేదు. పొర కరిగిన, తడి ఆరిన కండెన్సరుకు ఒక్కసారిగా కరెంటిస్తే అది దాదాపు తీగముక్కతో సమానం. రెక్టిఫయర్ వాల్వు, మెయిన్ ట్రాన్స్‌ఫార్మరు రెండూ దాని వెంటే పోతాయి. వాల్వు ఇంకోటి దొరకవచ్చు. ఆ ట్రాన్స్‌ఫార్మరును మళ్లీ చుట్టేవాళ్లు ఇవాళ ఎందరున్నారు?

"ఇప్పుడు పాడుతాదా నాయనా?" అని మిత్రుడి అవ్వ అడిగింది. పాడుతుంది అవ్వా, ఇప్పుడే ప్లగ్గులో మాత్రం పెట్టకూడదు అన్నాను. మిత్రుడి తమ్ముడు అప్పటికే తీగ పట్టుకుని స్విచ్చి బోర్డు దగ్గర నిలబడి ఉన్నాడు. పాత రేడియో దొరికిన ప్రతి ఇంట్లోనూ జరిగేది ఇదే. నాకు తెలిసి ఇలాంటి సెట్లలో చాలావాటిని అసలు చంపింది ఈ తొందరే.

సెట్టును ఒళ్లో పెట్టుకుని రాయదుర్గం బస్సెక్కాను. అక్కడ ఒక పాత మెకానిక్కు ఉన్నారని మిత్రుడు చెప్పాడు. జీన్సు ప్యాంట్లు కుట్టే మిషన్ల చప్పుడు ఇంటింటి నుంచీ వినిపించే వీధిలో, కొండకోట నీడ పడే తట్టున ఉంది ఆయన గది. ఎనభై దాటిన మనిషి. ఎర్ర ఎండలో నడిచొచ్చిన నాకు ముందు మజ్జిగ ఇప్పించి, తరవాతే సెట్టు వైపు చూశారు. పెట్టె మీద చెయ్యి వేసి, "ఇది యా మిద్దె కింద ఉండింది?" అన్నారు.

ఆ ప్రశ్న నేనెప్పుడూ ఎవరినీ అడగలేదు. చౌడుమట్టి మిద్దె అని చెప్పాను. ఆయన తల ఊపారు. "అయితే ఆశ ఉండాది. మట్టి మిద్దె కింద సెట్టు నిలుస్తాది. రేకుల కింద ఉన్నెది మాత్రం మూడు ఎండాకాలాలకే అయిపోతాది. మైనమంతా కారిపొయ్యి కాగితం బయటపడతాది. మీ సముద్రం తావ ఎట్లనో నాకు తెల్దు గాని, ఈడ మేము ముందు ఇంటి కప్పు చూసి, ఆనెంక సెట్టు చూస్తాంటిమి." సీమ ఇళ్లలో దూలాల మీద బండలు పరిచి చౌడుమట్టి కప్పే మిద్దెలు తగ్గిపోయి, రేకులూ స్లాబులూ వచ్చాక, లోపలి వస్తువులన్నిటి ఆయుష్షూ మారిపోయిందన్నమాట.

ఆయన సొరుగుల్లో బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ వాల్వుల అట్టపెట్టెలు ఇంకా కొన్ని ఉన్నాయి. జాలహళ్లిలోని ఆ ఫ్యాక్టరీ 1961లో రిసీవింగ్ వాల్వుల తయారీ మొదలుపెట్టింది. అంతకుముందు వాల్వు పోతే పరదేశపు సరుకు కోసం ఎదురు చూడవలసి వచ్చేది. కరెంటు రాని ఊళ్ల కోసం పొడి బ్యాటరీ సెట్లు ఉండేవని, వాటిలో డికె 96, డిఎఫ్ 96, డిఎఎఫ్ 96, డిఎల్ 96 వాల్వులు పెట్టేవారని ఆయన వేళ్ల మీద లెక్కపెట్టారు. ఫిలమెంటుకు ఒకటిన్నర వోల్టు, ప్లేటుకు తొంభై వోల్టుల బ్యాటరీ. పంట చేతికొచ్చిన ఏడు ఊళ్లల్లో రేడియోలు పలికేవట. శెనక్కాయ ఎండిపోయిన ఏడు కొత్త బ్యాటరీకి డబ్బుండక మూగబోయేవట. కరువు వస్తే ముందు తెలిసేది తన అంగడికేనని ఆయన చాలా మామూలుగా చెప్పారు.

మా ఇద్దరికీ ఒక విషయంలో మాట కలవలేదు. ఆయన కాలంలో నిద్రపోయిన ఫిల్టరును మేల్కొలిపేవారు. సెట్టుకు సీరీస్‌లో బల్బు పెట్టి, రెక్టిఫయర్ దగ్గర పెద్ద రెసిస్టరు వేసి, వోల్టేజీని కొద్దికొద్దిగా పెంచుతూ రోజంతా ఉంచితే ఆక్సైడు పొర మళ్లీ కట్టుకుంటుంది. "ఒగేసారి కరెంటిస్తే ఎట్లప్పా? పొద్దున పెట్టి మాపటికి తీస్తాంటిమి" అన్నారు. ఆ పద్ధతి నిజమైనదే, నేనూ చేశాను. కాని పొర కట్టుకున్నంత మాత్రాన ఆవిరైపోయిన తడి తిరిగి రాదు. రెండేళ్లు ఊరికే ఉన్న సెట్టుకు సరిపోయే వైద్యం నలభై ఏళ్లు ఉన్నదానికి చాలదు. పైగా అప్పట్లో ఆ సెట్టు రేపూ ఎల్లుండీ పలికేది. ఇప్పుడు నెలకోసారి పెడతారో లేదో తెలియదు. కాబట్టి మార్చేయాలన్నాను. ఆయన మీటరు తెచ్చి డబ్బాకు ఆనించి, కాసేపు ముల్లు వంక చూశారు. అనంతం గుర్తు దగ్గరే పడి ఉన్న ఆ ముల్లు లేవలేదు. "సరే, మార్చు" అన్నారు.

ఫిల్టరు చేసే పని ఏమిటో ఈ సీమ వాళ్లకు చెప్పడం సులువు. రెక్టిఫయర్ ఇచ్చే కరెంటు సమంగా రాదు, సెకనుకు నూరుసార్లు ఎగసి పడుతుంది. అనంతపురం పక్కనే ఉన్న బుక్కరాయసముద్రం చెరువు నాలుగు రోజుల వానను పట్టి ఉంచి, తూము గుండా నెలల తరబడి వదిలినట్టు, ఫిల్టరు కండెన్సరు ఆ ఎగుడుదిగుళ్లను పట్టుకుని వాల్వులకు నిలకడగా అందిస్తుంది. అది ఎండితే స్పీకర్లోంచి పాట వెనక 'హుఁ' అని ఆగని హమ్మింగు వస్తుంది.

ఇక్కడ కొత్తగా పని నేర్చుకునేవాళ్లు ఒకటి గమనించాలి. పాతదాని స్థానంలో ఎంత పెద్దది వేస్తే అంత మంచిదనుకోకూడదు. ఈ సెట్టులో రెక్టిఫయర్ ఇజడ్ 80. దాని వెనక మొదటి కండెన్సరు 50 మైక్రోఫారడ్లు దాటకూడదని వాల్వు తయారీదారులే హద్దు పెట్టారు. దాటితే స్విచ్చి వేసిన ప్రతిసారీ ఖాళీ కండెన్సరును నింపడానికి వాల్వు తన శక్తికి మించి కరెంటివ్వాలి. నేను 47 మైక్రోఫారడ్లు, 450 వోల్టులవి రెండు వేశాను. అవి బెంగళూరు ఎస్‌పి రోడ్డులో దొరుకుతాయి, హైదరాబాదు కోఠీ గుజరాతీ గల్లీలోనూ దొరుకుతాయి. ఇప్పటివి చిటికెనవేలంత కూడా ఉండవు కనుక, పాత అల్యూమినియం డబ్బాను తీసేయకుండా, లోపల ఎండిన చుట్టను లాగేసి, ఆ ఖాళీలోనే కొత్తవి అమర్చాను. పెద్దాయన ఒక చిన్న కాగితం ఇచ్చి, లోపల ఏమి వేశామో, ఎప్పుడు వేశామో రాసి డబ్బాలో పెట్టమన్నారు. "రేపు ఇంగొగడు విప్పుతాడు గదా, వానికి తెలియాల." ఈ పని చేసే ప్రతివాళ్లూ పాటించాల్సిన మర్యాద అది.

అయినా సెట్టులో ముందుగా మార్చవలసింది ఫిల్టరు కాదు. అవుట్‌పుట్ వాల్వు గ్రిడ్డు దగ్గర ఉండే చిన్న కాగితం కండెన్సరు, పాయింట్ జీరో వన్. ఈ సెట్టులో ఇసిఎల్ 82 వాల్వు. ఒకే గాజు బుడ్డిలో ట్రయోడు, పెంటోడు రెండూ ఉంటాయి. ట్రయోడు ప్లేటు మీద పాట ఉంటుంది, దానితోపాటే వంద వోల్టుల దాకా డీసీ కూడా ఉంటుంది. పాటను మాత్రం అటు పోనిచ్చి డీసీని ఆపడమే ఈ కండెన్సరు పని. కాగితం కాలంతో పాటు పులిసి, గాలిలోని చెమ్మను పీల్చి, డీసీని కొద్దికొద్దిగా కారనిస్తుంది. గ్రిడ్డు మీదికి ప్లస్ వోల్టేజీ ఎక్కితే పెంటోడుకు పగ్గం పోతుంది. ప్లేటు ఎర్రబడేదాకా కరెంటు లాగుతుంది, దాంతో అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు తీగ తెగుతుంది. అంతా ఒక్క చిన్న కాగితం చుట్ట వల్ల.

ఈ పొడి నేల మీద ఆ కండెన్సరు బాగానే ఉండొచ్చని నాకు ఆశ ఉండేది. కోస్తాలో చెమ్మ చేసే పనే ఇది కదా. పెద్దాయన గ్రిడ్డు వైపు కాలు ఊడదీసి, మీటరు ముల్లును దానికి పట్టి, సీరీస్ బల్బు మీద సెట్టుకు కరెంటిచ్చారు. మంచి కండెన్సరైతే ముల్లు ఒక్కసారి ఎగిరి సున్నాకు వస్తుంది. ఇది ఎగిరి, సగం దూరం వచ్చి, అక్కడే నిలబడిపోయింది. ఎండకు మైనం జారిపోయిన చోట కాగితం బయటపడి, వానాకాలంలో వచ్చే కాస్త తడినే పీల్చుకుంది. చెమ్మ తక్కువున్న చోట కాగితం బతుకుతుందన్న నా లెక్క సగమే నిజం. ఆ కాగితాన్ని కాపాడేది పైనున్న మైనం. ఆ మైనానికి ఎండే శత్రువు.

దాని స్థానంలో 630 వోల్టుల ఫిల్ము కండెన్సరు వేశాం. ప్లాస్టిక్కు పొర కాబట్టి చెమ్మా పీల్చదు, పులియదు. స్క్రీన్‌కు వెళ్లేదీ మార్చాం, అది కారితే దాని ముందున్న రెసిస్టరు కాలి నల్లబడుతుంది. ఏవీసీ గీత మీది దాన్ని కూడా. దూరపు స్టేషను రాత్రిపూట తగ్గుతూ హెచ్చుతూ ఉంటే, ఆ హెచ్చుతగ్గులను సర్దేది ఏవీసీ. దగ్గర్లో స్టేషను లేని సీమకు అది ప్రాణం. పాత సెట్టు మీద 0.05 అని ఉంటే ఇప్పుడు 0.047 దొరుకుతుంది, తేడా ఏమీ రాదు. ఒకటి ఊడదీసి, దాని చోట కొత్తది అతికి, సరిచూసుకున్నాకే ఇంకోదాని జోలికి వెళ్లాలి. మైకా, సెరామిక్ కండెన్సర్లను మేం ముట్టుకోలేదు. అవి సాధారణంగా చెడవు. ఐఎఫ్ ట్రాన్స్‌ఫార్మర్ల లోపలికి స్క్రూడ్రైవరు పెట్టడం మరీ తప్పు, ఫ్యాక్టరీలో కుదిర్చిన శ్రుతి అది. గ్యాంగులోని ఇసుకను మాత్రం మెత్తటి కుంచెతో దులిపాం.

ఇంకో జాగ్రత్త కూడా చెప్పి తీరాలి. ప్లగ్గు పీకేసినా ఫిల్టరులో మూడు వందల వోల్టులు కాసేపు నిలిచే ఉంటాయి. పెద్దాయన ప్రతిసారీ రెసిస్టరుతో దాన్ని ఖాళీ చేశాకే లోపల చెయ్యి పెట్టారు. కరెంటు ఉన్నప్పుడు కొలవాల్సి వస్తే ఎడమచెయ్యి వీపు వెనక పెట్టుకున్నారు, షాకు గుండె మీదుగా పోకుండా. అరవై ఏళ్ల అలవాటు.

మరుసటి మాపు బొమ్మనహాళ్ వైపు ఊరికి తిరిగొచ్చాం. పెద్దాయన కూడా వచ్చారు. ఏరియలు కోసం పెరట్లో వేపచెట్టు నుంచి మిద్దె మీది కర్రదాకా రాగితీగ కట్టించారు. పట్నాల్లో ఇంట్లో గోడకు అడ్డంగా కట్టే రాగి జాలీ ఇక్కడ చాలదన్నారు. కారణం నేల. మీడియంవేవు పగటిపూట నేలను అంటుకుని ప్రయాణిస్తుంది. తడి నేల, ఉప్పునేల దాన్ని దూరం పోనిస్తాయి. ఎండిన నేల, రాతినేల తాగేస్తాయి. కడప కేంద్రం 1963లో మొదలయ్యేదాకా ఇక్కడివాళ్లు బెంగళూరు, మద్రాసు, విజయవాడ, హైదరాబాదుల కోసమే చెవులు రిక్కించాలి. అంచేత పొడవాటి ఏరియలు, మంచి ఎర్తు ఉంటేగాని సెట్టు కొన్నా ప్రయోజనం ఉండేది కాదు.

"ఎర్తుకు నీళ్లు పోసినారా?" అన్నారు పెద్దాయన. గోడవారన పాత ఎర్తు గుంట ఉంది, బొగ్గూ ఉప్పూ వేసి తీగ దింపినది. ఏళ్లుగా ఎండి రాయయిపోయింది. తాగడానికి బిందె లెక్కన నీళ్లు తెచ్చుకున్న కాలంలో కూడా జేజినాయన రోజూ మాపటి వార్తలకు ముందు ఒక చెంబుడు నీళ్లు ఆ గుంటలో పోసేవాడని అవ్వ చెప్పింది. "రేడియోకి దప్పిక అంటాండె" అంది. ఆవిడే లేచి చెంబుతో నీళ్లు తెచ్చి పోసింది.

సెట్టు పెట్టాం. వాల్వులు వేడెక్కడానికి అరనిమిషం పట్టింది. హమ్మింగు లేదు. చీకటి పడుతుండగా మీడియంవేవు మీద ముల్లును జరిపితే 612 దగ్గర బెంగళూరు కన్నడం స్పష్టంగా పలికింది. అవ్వకు కన్నడం బాగా వచ్చు, ఈ సరిహద్దులో ఎవరికి రాదు? ఆవిడ అడిగింది మాత్రం సిలోను. మీనాక్షి పొన్నుదురై గొంతుతో తెలుగు పాటలొచ్చే షార్ట్‌వేవు తెలుగు ప్రసారం ఇప్పుడు లేదని చెప్పడానికి నాకు మనసొప్పలేదు, కాని చెప్పాను. అనంతపురం ఆకాశవాణి కూడా ఈ సెట్టులో రాదు. అది ఎఫ్.ఎం. 101.7లో వస్తుంది, ఈ సెట్టు కట్టినప్పుడు ఈ సీమలో ఎఫ్.ఎం. లేదు. ఎల్‌ఈడీ బల్బులు ఆర్పేస్తే గరగర సగం తగ్గింది. ఊళ్లో కరెంటు పోయిన రాత్రి మీడియంవేవు ఎంత శుభ్రంగా ఉంటుందో, బ్యాటరీ రేడియో ఉన్నవాళ్లు ఒకసారి విని చూడాలి.

ఈ పక్క ఊళ్లలో తాళాలు పడిన ఇళ్లు చాలా ఉన్నాయి. బెంగళూరుకో కేరళకో పనికి పోయినవాళ్లవి. వాటి గూళ్లలో ఇలాంటి సెట్లు ఉన్నాయని విని, నగరాల నుంచి వచ్చి కొనుక్కుపోయేవాళ్లున్నారు. లోపలి ఛాసిస్ పీకేసి, పెట్టెలో బ్లూటూత్ స్పీకరు బిగించి హోటళ్లకు అమ్ముతారు. అది నాకు కడుపుమంట కలిగించే పని. పది పన్నెండు కండెన్సర్లు మారిస్తే ఇంకో ముప్ఫై ఏళ్లు పలికే యంత్రం అది. అరవై ఏళ్ల కింద చుట్టిన కాయిలు, మద్రాసు, కొలంబో పేర్లు అచ్చువేసిన డయలు గాజు, ఇవన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. చెడింది కాగితం, ద్రావకం మాత్రమే. చెడినవాటిని మార్చమని అవి అడుగుతున్నాయి, మిగతాదాన్ని పారేయమని కాదు.

అవ్వకు ఒక నియమం చెప్పి వచ్చాను. వారానికి ఒకసారైనా గంటసేపు పెట్టాలి, వినే తీరిక లేకపోయినా సరే. కొత్త ఫిల్టరు పొర కూడా వోల్టేజీ తగులుతుంటేనే నిలుస్తుంది. శుక్రవారం దీపం పెట్టినప్పుడు పెడతానంది.

హిందూపురంలో ఇంకో సెట్టు ఉందని పెద్దాయన చెప్పారు. ట్రాన్స్‌ఫార్మరు లేని ఏసీ-డీసీ సెట్టు, యుసిహెచ్ 81, యుబిఎఫ్ 89, యుసిఎల్ 82, యువై 85 వాల్వులు. వాటిలో ఛాసిసే నేరుగా మెయిన్ తీగకు తగిలి ఉంటుంది కాబట్టి, కరెంటు తీగకూ ఛాసిస్‌కూ మధ్యనున్న కండెన్సరు కన్నా ముందు ప్లగ్గు ఏ వైపు పెట్టారో చూడాలి. ఆ ఇంటి పైకప్పు రేకులదో, మట్టిదో ఫోన్ చేసి కనుక్కోమన్నారు. రేకులదేనట. ఫిల్ము కండెన్సర్లు రెట్టింపు తీసుకుని, పెనుకొండ మీదుగా పోయే బస్సెక్కాను.